డూప్లెక్సర్ ట్యూనింగ్ అంటే పవర్ పెంచడం కాదు: మన హ్యాముల అపోహలు, వాస్తవాలు

మొన్న పలాస వైపు నుంచి ఒక హ్యామ్ తమ్ముడు (సరదాకి రేడియో నడిపేవాడు) ఫోన్ చేసాడు, "అన్నా, రిపీటర్ మాట్లాడ్డం బ్రహ్మాండంగా మాట్లాడతంది గానీ వినడమే మానేసింది, ఏటి చేద్దాం" అని. ఏం కెలికావురా అంటే, "ఏటీ లేదన్నా, యాంటెన్నాకి 18 వాట్లే వెళ్తంటే డూప్లెక్సర్ స్క్రూలు కొద్దిగా తిప్పి 23 చేసాను" అన్నాడు. రోగం దొరికింది. రిపీటర్ అంటే సన్న సిగ్నల్ విని అప్పుడే వేరే ఫ్రీక్వెన్సీలో గట్టిగా తిరిగి పంపే రేడియో, డూప్లెక్సర్ దాని ఫిల్టర్ డబ్బా, పవర్ పెంచేది కాదు. ఈ మాట విజయనగరంలో కూడా చాలామందికి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది, అందుకే రాసేస్తున్నా.

అపోహ: మీటర్‌లో పవర్ ఎక్కువొస్తే ట్యూనింగ్ కుదిరినట్టే.

అసలు రిపీటర్ చేసే పని చూడండి. ఒకే యాంటెన్నా మీద 145.100 మెగాహెర్ట్జ్‌లో వింటూ అదే క్షణంలో 145.700లో మాట్లాడాలి, మధ్యలో ఉన్నది 600 కిలోహెర్ట్జ్. మన ట్రాన్స్‌మిటర్ 25 వాట్లు అంటే +44 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన కొలత), రిసీవర్ వినాల్సిన సన్న సిగ్నల్ 0.2 మైక్రోవోల్ట్ అంటే -121 దగ్గర, తేడా 165 డీబీ (ప్రతి 10 డీబీకి పది రెట్లు), 1 పక్కన 16 సున్నాలు పెట్టినా చాలదు. సిరిమాను పండగనాడు మైకు పక్కనే నిలబడి మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఎవరో గుసగుసలాడితే వినాలన్నట్టు. డూప్లెక్సర్ పెట్టేది ఆ మైకు మన చెవిలో మోగకుండా ఆపడానికి.

25 పెడితే 18 రావడం అంటే ఒకటిన్నర డీబీ నష్టం, ఇంత చిన్న గ్యాప్‌కి అది మామూలే. 18ని 23 చేస్తే అవతలోడికి పెరిగేది 1 డీబీ, సిగ్నల్ మీటర్లో ఒక గీత (ఎస్ పాయింట్) కదలాలంటేనే 6 డీబీ కావాలి, ఎవడికీ తెలీదు కూడా. కానీ ఆ స్క్రూతో పాటు నాచ్ (అక్కర్లేని ఫ్రీక్వెన్సీని లోతుగా కోసేసే చోటు) పక్కకి జరిగిపోయింది, నాచ్ సూది మొనలాంటిది, కొంచెం జరిగితే పదుల డీబీలు పోతాయి. నెల్లిమర్ల నుంచి హ్యాండీతో (చేతి రేడియోతో) మాట్లాడేవాడు ఇక వినపడడు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా వైపు నుంచి ఎంత పవర్ వెనక్కొస్తుందో చూపేది) ఇవేవీ చెప్పదు, అది 1.1 చూపిస్తూనే ఉంటుంది.

అపోహ: రిసీవర్ వైపు కావిటీలు (డూప్లెక్సర్లోని ఫిల్టర్ గదులు) గట్టిగా ఉంటే చాలు.

రిసీవర్ వైపు కావిటీలు ట్రాన్స్‌మిట్ క్యారియర్‌ని ఆపుతాయి, అంతవరకు నిజమే. అయితే ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీతో పాటు అటూ ఇటూ రొద కూడా పోస్తుంది, అందులో కొంత సరిగ్గా మనం వినే 145.100 మీదే పడుతుంది, ఒకసారి అక్కడ పడ్డాక రిసీవర్ దగ్గర ఏ ఫిల్టరూ దాన్ని వేరు చెయ్యలేదు, పాలల్లో కలిసిన నీళ్ళే. అందుకే ట్రాన్స్‌మిట్ వైపు కావిటీల నాచ్ రిసీవ్ ఫ్రీక్వెన్సీ మీద పెడతాం. కొత్తవాళ్ళు తిరగేసి పెట్టేది ఇక్కడే.

ఆరు కావిటీల చిన్న అల్యూమినియం డబ్బా చవగ్గా దొరుకుతుంది కదా అంటారు. అవి 4, 5 మెగాహెర్ట్జ్ తేడా ఉన్న సెట్లకి చేసినవి, 600 కిలోహెర్ట్జ్‌కి ఎంత తిప్పినా రావు. యూహెచ్‌ఎఫ్‌కి పోదామన్నా మనకి ఉన్నదే 434 నుంచి 438, మొత్తం 4 మెగాహెర్ట్జ్, విదేశాల వీడియోల్లో చూపించే 5 మెగాహెర్ట్జ్ ఆఫ్‌సెట్ (వినే, మాట్లాడే ఫ్రీక్వెన్సీల తేడా) ఇక్కడ పట్టదు.

అపోహ: నానోవీఎన్ఏ ఉంటే పదినిమిషాల పని.

ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీని ఎంత ఆపుతుందో గీత గీసి చూపే ఆ చిన్న మీటర్ నాకూ ఇష్టమే, అది లేని రోజుల్లో పడ్డ పాట్లు గుర్తున్నాయి. కానీ 101 పాయింట్లతో 100 మెగాహెర్ట్జ్ స్వీప్ పెడితే ఒక్కో పాయింట్‌కి 1 మెగాహెర్ట్జ్, మన నాచ్ రెండు చుక్కల మధ్య దాక్కుంటుంది. స్పాన్ (స్వీప్ వెడల్పు) 2 మెగాహెర్ట్జ్‌కి దించండి. ఇంకోటి, దాని చూపు 70 డీబీ దగ్గర ఆగిపోతుంది, మనకి కావాల్సింది 80, 90. కాబట్టి కావిటీలు ఒక్కొక్కటీ విడిగా ట్యూన్ చేసి, లాక్ నట్ బిగించాక మళ్ళీ చూసి (బిగిస్తే జరుగుతుంది, ప్రతిసారీ), తర్వాత అన్నీ కలిపి సన్న సిగ్నల్ ఇస్తూ ట్రాన్స్‌మిటర్ ఆన్ ఆఫ్ చేసి చెవితో వినాలి. ఆన్ చేసినప్పుడు బుస పెరిగితే పని అవ్వలేదు. మధ్యలో జంపర్లు (కలిపే చిన్న కేబుళ్ళు) రెండు పొరల షీల్డ్ ఉన్నవే వాడండి, మామూలు కేబుల్ లీకైతే కావిటీలు ఎంత మంచివైనా దండగ.

అపోహ: ఒకసారి చేస్తే జన్మలో ముట్టుకోనక్కర్లేదు.

ఇన్వార్ (వేడికి దాదాపు సాగని లోహం) రాడ్ ఉన్న కావిటీలైతే చాలాకాలం కదలవు. అల్యూమినియం రాడ్ అయితే 20 డిగ్రీల తేడాకి 145 దగ్గర 65 కిలోహెర్ట్జ్ దాకా జారుతుంది. నేను డిసెంబర్ రాత్రి ట్యూన్ చేసిన డబ్బా మే నెల రేకుల షెడ్డులో చెవిటిదైపోయింది, తప్పు నాదే.

అలాగని ప్రతిదానికీ డూప్లెక్సర్ మీద పడకండి. మనది సముద్రపు గాలి, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన ఊళ్ళు, కనెక్టర్లో నీళ్ళు దిగినా టవర్ బోల్టు తుప్పు పట్టినా ఇదే బుస వస్తుంది. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్ మింగేసే రెసిస్టర్) పెట్టండి, బుస పోతే డూప్లెక్సర్ మంచిదే, టవర్ ఎక్కాలి.

తమ్ముడికి ఆ పరీక్ష చేయించాను, డమ్మీ లోడ్‌తోనూ బుస పోలేదు. ఆదివారం ఎండెక్కకముందే డబ్బా పట్టుకుని రమ్మన్నా, స్క్రూడ్రైవర్ మాత్రం ఇంట్లోనే పెట్టి రమ్మన్నా.