ఓడిపోయిన విశ్వాసి: మనలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖలో సంఘ కాపరిగా ఎక్కువగా వినేది గెలిచినవాళ్ల సాక్ష్యాలే. ఓడిపోయినవాళ్లు మైకు దగ్గరికి రారు. పరీక్షల ఫలితాలు వచ్చిన వారం కొందరు పిల్లలు పాటలయ్యాక వచ్చి గుమ్మం పక్కన కూర్చుంటారు. ఆశీర్వాదం ముగియకముందే చెప్పులేసుకుని వెళ్లిపోతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: విశ్వాసం తక్కువ కాబట్టే ఓడిపోయావు.

వాస్తవం: "ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండాల్సింది బాబూ" అని ప్రేమగానే అంటారు. విన్నవాడికి మాత్రం ఉద్యోగం పోయిన బాధకు తోడు దేవుడు కూడా వదిలేశాడన్న భయం పట్టుకుంటుంది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే ఒక బాధ, తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది (2 కొరింథీ 12:9). పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరమైనా అంటామా?

మన ఊరి సంగతే చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. ఇద్దరూ పోయారు కాబట్టి ఈ పని దేవుని చిత్తం కాదని ఎవరైనా తేల్చేసి ఉంటే ఎంత పొరపాటు! ఫలితం కనబడకపోతే దేవుడే వద్దన్నాడని లెక్కగట్టొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

అపోహ: ముందు నేను బాగుపడి, తర్వాత మందిరానికి వస్తాను.

వాస్తవం: మానేసిన తాగుడు మళ్లీ మొదలైనవాళ్లు, ఇంట్లో చెప్పకుండా అప్పులు చేసినవాళ్లు ఈ మాట అంటారు. పరీక్ష తప్పడం పాపం కాదు, ఇవి వేరు. వీటికి పశ్చాత్తాపం కావాలి, దాచింది బయటపెట్టాలి, తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలి. కానీ అదంతా ఒంటరిగా ముగించుకుని రమ్మని వాక్యం ఎక్కడా చెప్పలేదు. యేసు ఎవరో తనకు తెలియదని శిష్యుడు పేతురు బొంకక ముందే యేసు అతని కోసం ప్రార్థించాడు. మనసు తిరిగాక నీ సహోదరులను స్థిరపరచమని పని కూడా అప్పగించాడు (లూకా 22:32). పడకముందే తిరిగొచ్చే దారి సిద్ధమైంది.

అందరి ముందూ నిలబడి చెప్పక్కర్లేదు. నోరు జారని ఒక పెద్దకో, మీ కాపరికో చెప్పండి. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండని యాకోబు 5:16 అడిగేది అదే. వచ్చే ఆదివారం దాకా ఆగకుండా ఈ వారమే చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ సిగ్గు పెరుగుతుంది.

అపోహ: మధ్యలో వదిలేసినవాడు పరిచర్యకు ఇక పనికిరాడు.

వాస్తవం: సువార్త ప్రయాణం మధ్యలో, పంఫూలియ అనే ప్రాంతంలో, మార్కు పౌలును, బర్నబాను విడిచి వెళ్లిపోయాడు. తర్వాతి ప్రయాణానికి పౌలు అతన్ని వద్దన్నాడు, బర్నబా చేరదీశాడు. చివరికి ఆ పౌలే, మార్కు నాకు ప్రయోజనకరమైనవాడు, వెంటబెట్టుకుని రమ్మని రాశాడు (2 తిమోతి 4:11). నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. ప్రతి సంఘంలో ఒక బర్నబా ఉంటే బాగుండునని నా ఆశ.

అపోహ: ఆత్మీయంగా ఎదిగినవాళ్లు కుంగిపోరు.

వాస్తవం: ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. ప్రయాణం సంగతి ఆ తర్వాతే. కాబట్టి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రార్థన చేయించుకోండి, డాక్టరు దగ్గరికీ వెళ్లండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఒక్కరే వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే మీ కాపరిని తోడు రమ్మనండి.