మీ మామ కరోనా టైంలో అర్జీలు పట్టుకుని ఎందుకు తిరిగాడంటే

చిట్టికి, బాబీకి తాత ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్లో బాబీ అడిగిన దానికి సిగ్నల్ పోయి సగమే చెప్పా, అందుకే ఇప్పుడు కూర్చుని టైప్ చేస్తున్నా. కరోనా టైంలో మామ వాళ్ళు క్యాటరింగ్ వాళ్ళందరినీ పోగేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారంట కదా, నష్టం అందరికీ వచ్చింది, మరి వీళ్ళకి మాత్రం గవర్నమెంట్ ఎందుకివ్వాలి అన్నావు. మీ అమ్మ "పెద్దాళ్ళ విషయాలు నీకెందుకురా" అని కసిరింది గానీ, ఇది అడగాల్సిన ప్రశ్నే.

ముందు మామ పని ఎట్లా ఉంటుందో తెలియాలి. మీరు బెంగళూరు వచ్చినప్పుడు చూశారుగా, శ్రీరాంపురంలో ఆ చిన్న గోడౌన్, దాన్నిండా గుండిగలు, డేగిశాలు, గరిటెలు, గ్యాస్ పొయ్యిలు. బోర్డు లేదు, షట్టర్ తీసి కూర్చుంటే వచ్చే గిరాకీ లేదు. పెళ్ళివాళ్ళు అడ్వాన్స్ ఇస్తారు, ముహూర్తానికి రెండ్రోజుల ముందు యశవంతపుర యార్డులో సరుకు, కె.ఆర్. మార్కెట్లో అరటాకులు, కూరగాయలు. వంట మాస్టర్ ఒకాయన, ఇద్దరు ముగ్గురు హెల్పర్లు పర్మనెంటు, మిగతా వాళ్ళంతా, అంటే వడ్డించేవాళ్ళు, కూరలు తరిగే ఆడవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, ఫోన్ చేస్తే వచ్చేవాళ్ళు. మగపెళ్ళివారు కన్నడం వాళ్ళయితే కోసంబరి, ఒబ్బట్టు లేకపోతే మొహం మాడ్చుకుంటారు, మన వాళ్ళకి గోంగూర, ముద్దపప్పు లేకపోతే అసలు భోజనమే పెట్టలేదంటారు, ఈ రెండూ ఒకే ఆకులో సర్దడమే బెంగళూరు క్యాటరింగు, సరే ఆ సంగతి వదిలేయండి.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజే. ఉగాది అంటే మామ వాళ్ళకి సీజన్ మొదలు, చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఈ మూడు నెలల్లో సంపాదించిందే ఏడాదంతా తినాలి, ఎందుకంటే తర్వాత ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. అడ్వాన్సులు తీసుకున్నారు, కొంత సరుకుకి కట్టేశారు, ఇంతలో పెళ్ళివాళ్ళు ఫోన్లు, పెళ్ళి వాయిదా వేశాం మా డబ్బులు మాకిచ్చేయండి అని. వాళ్ళని తప్పు పట్టలేం, వాళ్ళ ఇళ్ళల్లోనూ జీతాలు ఆగిపోయాయి.

ఇక్కడే ఒక తమాషా ఉంది, ఆఫీసర్లకి ఎంత చెప్పినా అంత తొందరగా ఎక్కనిది. గవర్నమెంట్ ఇంగ్లీషు నెలల లెక్కన సడలింపులిస్తుంది, మామ వాళ్ళ పని పంచాంగం లెక్కన నడుస్తుంది. సెప్టెంబర్ 21 నుంచి ఫంక్షన్లకి 100 మంది దాకా రావచ్చు అన్నారు, పేపర్లో చూసి అందరూ ఇంకేం క్యాటరింగ్ వాళ్ళకి పండగే అనుకున్నారు. కానీ ఆ ఏడాది సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 16 దాకా అధిక ఆశ్వయుజం, దానికి ముందు మహాలయ పక్షాలు. పెళ్ళి ఎవడు పెడతాడు? తర్వాత నవంబర్, డిసెంబర్లలో కొన్ని పెళ్ళిళ్ళు జరిగాయి, సంక్రాంతి దాటగానే గురు మూఢం, దాని వెంటే శుక్ర మూఢం, 2021 ఉగాది దాటేదాకా అంతే. హమ్మయ్య అయిపోయింది అనుకునేలోపు సెకండ్ వేవ్, ఏప్రిల్ 27 రాత్రి నుంచి కర్ణాటక అంతా మళ్ళీ బంద్. కాగితం మీద చూస్తే మధ్యలో చాలా నెలలు పని చేసుకోనిచ్చినట్టే ఉంటుంది, గోడౌన్లో చూస్తే గుండిగలు దులిపింది చాలా తక్కువ.

ఇప్పుడు అసలు పాయింటుకి వస్తా. హోటల్‌ని మూసేయమని ఆర్డర్ వచ్చింది, సినిమా హాల్‌ని మూసేయమని వచ్చింది, అది ఎవరికైనా కనపడుతుంది. క్యాటరింగ్ వాళ్ళని పేరు పెట్టి మూసేయమని ఎవరూ అనలా. 2020 మే 4 నుంచి పెళ్ళికి 50 మందికి మించకూడదు అన్నారు, అంతే. చిట్టీ, నువ్వు లెక్కల్లో ఫస్ట్ కదా, ఇది చెయ్యి. మాటవరసకి ఆకు రేటు, అంటే ఒక మనిషి భోజనం, 200 అనుకో, 500 ఆకులకి లక్ష. 50 ఆకులకి పదివేలు. కానీ 50 మందికైనా మాస్టర్ కావాలి, ఇద్దరు హెల్పర్లు కావాలి, వ్యాన్ కావాలి, గ్యాస్ కావాలి, వీటికే ఏడెనిమిది వేలు పోతే సరుకు ఎక్కణ్ణించి కొంటాడు? పైగా 50 మందే అయితే పెళ్ళివాళ్ళు మనల్ని ఎందుకు పిలుస్తారు, పక్క హోటల్లో పార్సిల్ చెప్తారు, లేకపోతే పిన్నులూ అత్తలూ కలిసి వండేస్తారు. అంటే దుకాణం తెరిచే ఉంది, గిరాకీని మూసేశారు. దుకాణం మూస్తే ఆర్డర్ కాపీ ఉంటుంది, చూపించి నష్టం అడగొచ్చు, గిరాకీ మూసేస్తే చూపించడానికి ఏ కాగితమూ లేదు. మామ వాళ్ళు తిరిగింది ఆ కాగితం పుట్టించడానికే అనుకోండి.

నేను గవర్నమెంట్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తా. గవర్నమెంట్ సాయం చేసేటప్పుడు ఎవరు ఎక్కువ ఏడుస్తున్నారు అని చూడదు, ఎవరి లిస్టు రెడీగా ఉంది అని చూస్తుంది. 2020 మే 6న కర్ణాటకలో 1,610 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, దాంట్లో క్షౌరం చేసేవాళ్ళకి, బట్టలుతికేవాళ్ళకి, ఆటో ట్యాక్సీ డ్రైవర్లకి తలా 5,000, పూల రైతులకి హెక్టారుకి 25,000. డ్రైవర్‌కి లైసెన్సుంది, బండికి నంబరుంది, పట్టుకోవడం తేలిక. 2021 మే 19న ఇంకో 1,250 కోట్లు, డ్రైవర్లకి 3,000, కళాకారులకి 3,000, దర్జీలు మెకానిక్కుల్లాంటి వాళ్ళకి 2,000. ఆ వరసలన్నీ నేను కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివా, పెళ్ళిళ్ళకి వండేవాళ్ళ వరస నాకు కనపడలా. తర్వాత జూన్‌లో ఇంకొకటి ప్రకటించారు, అందులో మాత్రం ముజరాయి శాఖ, అంటే కర్ణాటకలో గుళ్ళని చూసే శాఖ, కింద ఉన్న సి కేటగిరీ (ఆదాయం తక్కువున్న) గుళ్ళల్లో అర్చకులతో పాటు వంటవాళ్ళకీ 3,000 ఇచ్చారు. చూశారా, అదే పులిహోర, అదే చక్కెర పొంగలి, గుడి వంటశాలలో కలిపితే శాఖ రిజిస్టర్లో పేరుంటుంది, చౌల్ట్రీలో కలిపితే ఉండదు. గుళ్ళో వాళ్ళకి ఇవ్వడం తప్పని అనట్లేదు, వాళ్ళూ పేదవాళ్ళే.

సెంట్రల్ గవర్నమెంట్ వైపు చూస్తే అదే కథ. వీధి వ్యాపారులకి 2020 జూన్‌లో స్వనిధి అని 10,000 లోన్ పెట్టారు, వాళ్ళకి 2014లోనే ఒక చట్టం ఉంది, గుర్తింపు కార్డులున్నాయి. చిన్న కంపెనీలకి 3 లక్షల కోట్ల గ్యారంటీ లోన్లు అన్నారు, పెద్ద మాట, కానీ మొదట్లో రూల్ ఏంటంటే 2020 ఫిబ్రవరి 29 నాటికి నీకు బ్యాంకులో ఎంత అప్పుందో దాంట్లో 20 శాతం ఇస్తారు. మామ లాంటివాడు బ్యాంకు అప్పు లేకుండా, కిరాణా షాపాయన దగ్గర ఖాతా పెట్టుకుని, సొంత డబ్బుతో నడుపుకున్నవాడు, సున్నాలో 20 శాతం ఎంతమ్మా చిట్టీ? అప్పు చేయకుండా బతకడం మా కాలంలో గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

ఇది మన దగ్గరే అనుకోకండి. బ్రిటన్‌లో 2020 ఆగస్టులో బయట తినండి, సగం బిల్లు మేం కడతాం అని ఒక స్కీం పెట్టారు, సోమ మంగళ బుధవారాలు, మనిషికి 10 పౌండ్ల దాకా తగ్గింపు. హోటళ్ళు కిటకిటలాడాయి. కానీ రూల్స్‌లో ప్రైవేట్ ఫంక్షన్ల క్యాటరింగ్‌కి వర్తించదు అని రాసేశారు. అమెరికాలో దానికి రివర్స్. అక్కడ సొంతంగా నడుపుకునే రెస్టారెంట్ల వాళ్ళు 2020 మార్చిలోనే ఒక కూటమి కట్టి ఏడాదిపాటు వాళ్ళ ఎంపీల వెంట పడ్డారు, 2021 మార్చిలో చట్టం వచ్చింది, 2,860 కోట్ల డాలర్ల నిధి, అర్హుల లిస్టులో క్యాటరింగ్ వాళ్ళనీ, తోపుడు బండ్ల వాళ్ళనీ పేరు పెట్టి చేర్చారు, 20 కంటే ఎక్కువ బ్రాంచీలున్నవాళ్ళకి ఇవ్వం అన్నారు. అయినా డబ్బు సరిపోలేదనుకోండి, అప్లై చేసినవాళ్ళలో చాలామందికి రాలేదు. కానీ లిస్టులో ఆ ఒక్క మాట ఉండటానికీ లేకపోవడానికీ ఎంత తేడా!

సరే, మామ వాళ్ళ అర్జీ సంగతి. మొదట వాళ్ళ గుంపులో ఒకాయన రాసుకొచ్చింది చూసి నాకు నవ్వాగలేదు, అన్నదాతా సుఖీభవ అని మొదలుపెట్టి, కన్నీళ్ళు, పిల్లల ఫీజులు, చివర్లో తగిన సహాయం చేయగలరు అని ముగించాడు. తగిన సహాయం అంటే ఎంత, ఎవరివ్వాలి, ఏ రూల్ కింద? ఫైలు పట్టుకున్న క్లర్క్ దాని మీద ఏం నోట్ రాస్తాడు? ఒక అర్జీలో ఒక సంతకంతో అయ్యే పని ఒక్కటే అడగాలి, అదీ ఆ సంతకం పెట్టగలిగినాయన్నే అడగాలి. జీఎస్టీ తగ్గించమని స్టేట్ మినిస్టర్ని అడిగితే ఆయనేం చేస్తాడు, అది కౌన్సిల్లో తేలాలి, పైగా అవుట్‌డోర్ క్యాటరింగ్‌కి 2019 అక్టోబర్ 1 నుంచే 18 శాతాన్ని 5కి దించారు, దాని మీద మళ్ళీ అడిగితే మీకు ముందే ఇచ్చాం కదా అంటారు. లోన్ వాయిదా రిజర్వ్ బ్యాంకు చేతిలో ఉంటుంది. కరెంటు ఫిక్సెడ్ ఛార్జి స్టేట్‌లో తేల్చుకోవచ్చు, 2020 మే ప్యాకేజీలో చిన్న పరిశ్రమలకి రెండు నెలలు తీసేశారు కూడా, అప్పుడు అడగాల్సింది మమ్మల్ని కూడా చిన్న పరిశ్రమగా లెక్కేయండి అని. గోడౌన్ బాడుగ మాత్రం ఎవరి చేతిలోనూ లేదు, ఓనర్ దయ.

ఒక ఆఫీసులో అయితే ఇది మా శాఖ కాదు ఫుడ్ వాళ్ళని అడగండి అన్నారు, ఫుడ్ వాళ్ళు మేం శుభ్రత చూసేవాళ్ళం డబ్బు మా దగ్గర ఉండదు అన్నారు, ఇంకోచోట హోటల్ వాళ్ళ సంఘం ద్వారా రండి అన్నారు. హోటల్ వాళ్ళకి వాళ్ళ బాధలు వాళ్ళకున్నాయి, పైగా 50 మంది పార్సిల్ ఆర్డర్ పోయేది వాళ్ళ దగ్గరికే, మనకోసం ఎందుకు కొట్లాడతారు? అందుకే నేను మామకి చెప్పిందేంటంటే, తీసుకెళ్ళిన ప్రతి కాగితానికీ ఇన్‌వర్డ్ నంబర్, అంటే కాగితం అందిందని ఆఫీసు వాళ్ళు వేసే నంబర్, వేయించుకో, స్టాంపు లేని కాపీ ఇంటికి తేవద్దు అని. నంబరుంటే జవాబివ్వాలి, కనీసం కుదరదు అనైనా రాయాలి, కుదరదు అన్న కాగితం కూడా పై ఆఫీసుకి పనికొస్తుంది.

వాళ్ళలో వాళ్ళకి ఒక గొడవ కూడా అయింది, అది దాచను. సగం మంది లిమిట్ ఎత్తేయమని అడుగుదాం, మనకి భిక్ష వద్దు పని కావాలి అన్నారు, వినడానికి బాగుంది. నేను ఒప్పుకోలా. పెళ్ళిలో ఐదొందల మంది మాస్కులు తీసి ఒకే హాల్లో పక్కపక్కన కూర్చుని తింటే జబ్బు పాకుతుంది, ముందు అంటుకునేది వడ్డించేవాళ్ళకే, ఎండాకాలం సెకండ్ వేవ్‌లో బెంగళూరు ఆసుపత్రుల్లో బెడ్లు దొరక్క జనం ఎట్లా అల్లాడారో మీరు చిన్నపిల్లలు, గుర్తుండకపోవచ్చు. కాబట్టి లిమిట్ ఉండనీ. అందరి మంచి కోసం పెట్టిన రూల్ అయినప్పుడు దాని ఖర్చు వంటవాళ్ళ మీద, గిన్నెలు తోమే ఆవిడ మీదే పడితే ఎట్లా, అది అందరం పంచుకోవాలి, పంచడానికే కదా గవర్నమెంట్ ఉండేది. బాబీ, నువ్వడిగిన దానికి నా జవాబు ఇదే. ఇంకొకటి కూడా అడగమన్నా: ఎంతమంది రావచ్చన్న లిమిట్ మారిస్తే కనీసం పది పదిహేను రోజుల ముందు చెప్పండి, సరుకు కొన్నాక కాదు. హాల్ సైజుని బట్టి లిమిట్ పెట్టమని కూడా రాశారు, 2020 అక్టోబర్ రూల్స్‌లో హాల్ కెపాసిటీలో సగం, 200 మించకుండా అని వచ్చింది, అది మామ వాళ్ళ అర్జీ వల్ల అని నేను చెప్పను, దేశం మొత్తానికి ఢిల్లీ నుంచి వచ్చిన ఆర్డర్ అది.

డబ్బు రూపంలో మామ చేతికి ఏమీ రాలేదు. 2021 జూన్ 4న రిజర్వ్ బ్యాంకు 15,000 కోట్ల స్కీం పెట్టి అందులో హోటళ్ళతో పాటు ఈవెంట్లు చేసేవాళ్ళనీ చేర్చింది, గుంపులో కొంచెం పెద్ద వ్యాపారం ఉన్నవాళ్ళు ఆ పేరు మీద బ్యాంకులకి వెళ్ళారు. మామ మాత్రం ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల లిస్టులో పేరు ఎక్కించుకోవడం, చేయించుకున్నాడు, దానికి ఫీజు లేదు. 2021 ఆగస్టు చివర్లో ఈ-శ్రమ్ అని అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే పోర్టల్ తెరిచాక వడ్డించే కుర్రాళ్ళనీ, కూరలు తరిగే ఆడవాళ్ళనీ కూర్చోబెట్టి పేర్లు ఎక్కించాడు, నేనూ కాసేపు ఓటీపీలు చదివి పెట్టా. ఒకావిడ ఫోన్ ఆవిడ కొడుకు దగ్గర హోసూరులో ఉంది, ఆ ఓటీపీ కోసం సాయంత్రం దాకా కూర్చున్నాం.

అర్జీల ఫైలు మామ బీరువాలో ఉంది, పైన నీలం అట్ట. దసరాకి వచ్చినప్పుడు చూడండి, బాబీ స్కూల్ ప్రాజెక్ట్‌కి కావాలంటే ఫోటోలు తీసుకోవచ్చు, కానీ వెనకాల పనివాళ్ళ ఆధార్ జిరాక్సులున్నాయి, ఆ పేజీలు తియ్యొద్దు.

మీ తాత