బోరుకు పర్మిషన్ సరే, నీళ్లకు లెక్కేది?

బోరు బండి నడుస్తుంటే చుట్టూ నిలబడ్డవాళ్ల చూపంతా బయటికొచ్చే పొడి మీదే. ముందు ఎర్రటి మొరం, తర్వాత తెల్లటి రాతిపొడి. నల్లగొండ జిల్లా దేవరకొండ, మర్రిగూడ వైపు ఆ తెల్లపొడి మొదలైతే ఇంటాయనకు టెన్షన్ మొదలైనట్టే. ఇక కిందంతా గ్రానైట్ బండ. అందులో నీళ్లుంటే పగుళ్లలోనే. పక్క చెలకలో రెండించుల నీళ్లు పడ్డా మనకు దుమ్మే మిగలడం అందుకే. పాపం, కొబ్బరికాయ పట్టి నీళ్ల జాడ చెప్పినాయన్ని తిట్టి లాభం లేదు.

నేల కింద ఏరు పారుతుందని చాలామంది నమ్మకం. మన దగ్గర అలాంటిదేం లేదు. నిల్వలో ఎక్కువ భాగం బండ పైనున్న, వానకూ ఎండకూ మెత్తబడ్డ రాతి పొరలోనే ఉంటుంది. వంద లీటర్ల పరిమాణమున్న రాయిలోంచి మనం తోడుకోగలిగేది ఒకటి నుంచి మూడు లీటర్లే. ఆ పొర ఎండిపోయాక ఇంకా లోతుకు పోతే గ్రానైట్‌లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు తగులుతాయి, వాటితోపాటు రాయిలోని ఫ్లోరైడూ రావచ్చు. తాగే నీళ్లలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతికి 'నల్లగొండ' పేరే పెట్టారు. సంతోషించదగ్గ గుర్తింపేం కాదు.

చిన్న లెక్క వేద్దాం. పాలమూరులో ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. బండనేలల్లో అందులో సుమారు పదో వంతు, అంటే 60 మిల్లీమీటర్లు ఇంకుతాయి. యాసంగి వరికి 1200 దాకా పారించాలి. అంటే ఎకరం మడికి ఇరవై ఎకరాల్లో ఇంకిన వాన కావాలి. మడిలోంచి సగం మళ్లీ ఇంకిందనుకున్నా, పదెకరాల వాటా.

ఆ పదెకరాలు ఎవరివి? 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన భూమి కిందున్న నీళ్లు తోడుకునే హక్కు పట్టాదారుది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కొత్త బోరుకు అనుమతి, బోరు బండ్లకు రిజిస్ట్రేషన్ అంది, ఊరి మంచినీటి బోరుకు రక్షణ పెట్టింది. మంచిదే. కానీ అది ముఖ్యంగా బోర్లను లెక్కపెడుతుంది, తోడిన నీళ్లను కాదు. పొలంలో మీటరు లేదు, 2018 జనవరి నుంచి తెలంగాణలో సాగుకు కరెంటు ఇరవైనాలుగు గంటలూ ఉచితం, ఆటో స్టార్టర్ పెట్టి పడుకుంటే మోటారు దానంతటదే నడుస్తుంది. ఉచిత కరెంటు తీసేయమని నేననను. కాలువ కింది రైతుకు సర్కారే నీళ్లు తెచ్చిచ్చింది, బోరు రైతు అప్పు చేసి తానే తవ్వుకున్నాడు.

2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు జిల్లాల్లో వేరే దారి పట్టిన ఊళ్లున్నాయి. పదిహేను రోజులకోసారి రైతులే బోర్లలోకి కొలతతీగ వదిలి నీటిమట్టం రాసుకున్నారు, వాననూ కొలిచారు. వానాకాలం అయిపోగానే ఊరంతా కూర్చుని మిగిలిన నీళ్లెన్ని, వేద్దామనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క తీశారు. జరిమానాల్లేవు, నిషేధాల్లేవు. అది చూసి కొందరు వరి మడి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.