వాడేసిన యురేనియం బూడిద కాదు

రిటైరయ్యాక హైదరాబాద్ ఏ.ఎస్.రావు నగర్‌లో ఉంటున్నాను. సర్వీసంతా వాడిన అణు ఇంధనాన్ని తిరిగి శుద్ధి చేసే ప్లాంటులోనే గడిచింది. ఆ సంగతి నలుగురికీ తెలిసినప్పటి నుంచి పొద్దున వాకింగ్‌లో నాకు ఇవే ప్రశ్నలు.

అపోహ: "వాడేసిన ఇంధనమంతా మన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌కే (ఎన్‌ఎఫ్‌సీ) తెస్తారట కదండీ?"

వాస్తవం: తేరు. ఎన్‌ఎఫ్‌సీలో తయారయ్యేది కొత్త ఇంధనం. అక్కడి సహజ యురేనియం బండిల్‌ని (ఇంధన కడ్డీల కట్టని) గ్లౌజులు వేసుకుని చేత్తో పట్టుకోవచ్చు. అదే బండిల్ రియాక్టర్‌లో ఉండి వచ్చిందంటే రేడియేషన్ వల్ల దగ్గరికి పోలేం, ఏళ్ల తరబడి నీళ్ల కొలనులో ఉంచాల్సిందే. శుద్ధి జరిగేది ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో. ట్రాంబేలో 1964లోనే మొదలైంది.

అపోహ: మండిపోయాక మిగిలేది బూడిదే.

వాస్తవం: "మండటం" అన్న మాటతోనే వచ్చింది చిక్కంతా. మన భారజల రియాక్టర్‌లో వెయ్యి కిలోల యురేనియం వాడితే, బయటికి వచ్చేదాంట్లో దాదాపు 990 కిలోలు యురేనియమే. కొత్తగా పుట్టిన ప్లుటోనియం నాలుగు కిలోల లోపు. బూడిద అనదగ్గ విచ్ఛిత్తి శకలాలు, అంటే చీలిపోయిన పరమాణువుల ముక్కలు, ఏడు కిలోలు ఉంటాయేమో. వీటిని విడదీయడమే మా పని.

ఇంధన కడ్డీలను ముక్కలుగా కోసి నత్రికామ్లంలో కరిగిస్తాం. ఆ ద్రావణాన్ని టీబీపీ (ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే రసాయనం) కలిపిన నూనెలాంటి ద్రవంతో బాగా కలుపుతాం. పులుసులో కారం ఎరుపంతా పైన తేలే నూనెలోకి చేరుతుంది చూడండి, అలా యురేనియం, ప్లుటోనియం నూనెలోకి వస్తాయి. శకలాలు ఆమ్లంలోనే ఉండిపోతాయి. తర్వాత ప్లుటోనియం ఆక్సీకరణ స్థితిని, అంటే దాని రసాయన రూపాన్ని, మారిస్తే అది నూనెను వదిలి మళ్లీ ఆమ్లంలోకి దిగుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఇదంతా మందపాటి కాంక్రీటు గోడల వెనక జరగాలి. పైపు కీలు దగ్గర చుక్క కారినా, లోపలికి పోయి స్పానర్‌తో బిగించే వీలుండదు. మా టెన్షనంతా కెమిస్ట్రీ గురించి కాదు, ప్లంబింగ్ గురించే!

అపోహ: శుద్ధి చేశాక వ్యర్థం సున్నా.

వాస్తవం: మావాళ్లే కొందరు ఇలా చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. శకలాలు ఎక్కడికీ పోవు. వాటిని కరిగించిన గాజులో కలిపి స్టీలు డబ్బాల్లో బిగిస్తారు. ఆ శకలాల్లో ఒకటైన సీజియం-137 సగానికి తగ్గడానికే 30 ఏళ్లు. పైగా ఫిల్టర్లు, గ్లౌజులు, కడిగిన నీళ్లు, అన్నీ కొత్త వ్యర్థాలే. అదే సీజియాన్ని వేరుచేసి, ఆసుపత్రుల్లో రక్తం ఎక్కించే ముందు దానికి రేడియేషన్ ఇచ్చే యంత్రాల్లో వాడటం మాత్రం మంచి పని.

అపోహ: వెనక్కి వచ్చిన యురేనియాన్ని అలాగే మళ్లీ వాడేయొచ్చు.

వాస్తవం: సహజ యురేనియంలో 0.7 శాతం ఉండే యురేనియం-235, వాడాక మూడో వంతుకు పడిపోతుంది. అందుకే మన చూపంతా ప్లుటోనియం మీద. కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్‌కి (వాడిన దానికంటే ఎక్కువ ఇంధనాన్ని పుట్టించే రియాక్టర్‌కి) ఇంధనం యురేనియం, ప్లుటోనియం ఆక్సైడ్ల మిశ్రమమే.

అపోహ: ట్యాంకులో ప్లుటోనియం పోగైతే బాంబులా పేలుతుంది.

వాస్తవం: బాంబులా పేలదు. కానీ ఒకేచోట ఎక్కువ చేరితే, ఒక పరమాణువు చీలగా వచ్చిన న్యూట్రాన్లు ఇంకోదాన్ని చీల్చే గొలుసు చర్య మొదలై, దగ్గరున్నవాళ్ల ప్రాణం తీసేంత రేడియేషన్ రావచ్చు. అందుకే ఆ ట్యాంకుల్ని గంగాళాల్లా కాక, సన్నగా పొడవుగా కట్టేది. న్యూట్రాన్లు ఇంకో పరమాణువును తాకేలోపే బయటికి జారిపోతాయి.