చిప్ లోపలి మెమరీ ఎవరి చేతిలో ఉండాలి? పాత పేచీకి మూలం సెల్ ప్రాసెసర్

కృత్రిమ మేధ కోసం కొత్త చిప్ వచ్చిన ప్రతిసారీ అదే పేచీ మళ్లీ రాజుకుంటోంది. చిప్ లోపలి మెమరీలో ఏ డేటా ఎప్పుడు, ఎక్కడ ఉండాలో ప్రోగ్రామ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలర్ నిర్ణయించాలా, ప్రోగ్రామర్ చేత్తో సర్దుకోవాలా? చిప్‌ల తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్ల తరం నుంచి 3 నానోమీటర్ల ఎన్‌3ఈకి వచ్చేసరికి లెక్కలు చేసే లాజిక్ చిన్నదైంది కానీ, చిప్ లోపలి మెమరీకి వాడే ఎస్‌ర్యామ్ సెల్ 0.021 చదరపు మైక్రోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. అందుకే ఇప్పుడు ప్రతి కిలోబైటుకూ లెక్క చెప్పాల్సి వస్తోంది.

కంపైలర్‌పై అపనమ్మకం పాతుకుపోయింది 2006లో, ప్లేస్టేషన్ 3తో. అందులోని సెల్ ప్రాసెసర్‌లో ఎస్‌పీఈ అనే ఒక్కో సహాయక కోర్‌కు డేటాను హార్డ్‌వేరే వెతికి తెచ్చే క్యాష్ మెమరీ బదులు, ప్రోగ్రామే సర్దుకోవాల్సిన 256 కిలోబైట్ల లోకల్ స్టోర్ ఇచ్చారు. కోడ్, డేటా, స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక విలువల చోటు) అన్నీ అందులోనే ఇమడాలి. బయటి మెమరీ నుంచి ఏది కావాలన్నా ఒక్కో ఆదేశానికి 16 కిలోబైట్లకు మించకుండా డీఎంఏతో (కోర్ లెక్కలు ఆపకుండానే డేటాను తరలించే ఏర్పాటు) తెచ్చుకోవాలి. డేటాను తాత్కాలికంగా ఉంచే ఒక బఫర్‌పై లెక్క నడుస్తుండగానే రెండో బఫర్‌లోకి తర్వాతి ముక్క దిగుతూ ఉండాలి. స్టాక్ పెరిగి డేటా మీదికి పాకినా ప్రాసెసర్ కిమ్మనదు, జవాబు మాత్రం తప్పుతుంది.

ఐబీఎం పరిశోధకులు ఈ భారాన్ని కంపైలర్‌కు అప్పగించబోయారు. క్రమం తప్పని లూపుల్లోని అర్రేలకు అది తానే జంట బఫర్లు కట్టేది. మెమరీలో ఎక్కడికి చూపుతుందో ముందే తెలియని పాయింటర్ల (చిరునామాల) కోసం మాత్రం సాఫ్ట్‌వేర్‌తో క్యాష్‌ను అనుకరించేది. అలా చదివిన ప్రతిసారీ డేటా లోపల ఉందో లేదో వెతకాలి. లోకల్ స్టోర్ లాంటి స్క్రాచ్‌ప్యాడ్ మెమరీ క్యాష్ కంటే సగటున 40 శాతం తక్కువ శక్తితో పని కానిస్తుందని ఐఐటీ ఢిల్లీ, డార్ట్‌మండ్ పరిశోధకులు 2002లోనే చూపారు. వెతుకులాట లేకపోవడమే ఆ ఆదాకు మూలం, ఇక్కడ అదే చేజారింది. 2013లో ప్లేస్టేషన్ 4 మామూలు క్యాష్ ఉన్న ఎక్స్86 కోర్లకు మారాక, కంపైలర్ వల్ల కాదన్న మాట స్థిరపడిపోయింది.

ఆ తీర్పు తొందరపాటుది. కంపైలర్‌కు అందని సమాచారాన్ని దాని చేతగానితనంగా జమకట్టారు. 2015లో గూగుల్ డేటా సెంటర్లలో పని మొదలుపెట్టిన టీపీయూ అనే కృత్రిమ మేధ చిప్‌లో సాఫ్ట్‌వేర్ నడిపే మెమరీ 28 మెగాబైట్లు. న్యూరల్ నెట్‌వర్క్‌లో ప్రతి టెన్సర్ (అంకెల పట్టిక) పరిమాణం, దాన్ని చివరిగా వాడే చోటు ముందే తెలిస్తే, ఒక పొర ఫలితంతో పని ముగియగానే అదే చిరునామాను ఇంకొకదానికి ఇవ్వవచ్చు. లెక్క కష్టమైనదే, కానీ అందులో ఊహించాల్సినది లేదు.

ప్రోగ్రామర్ల పక్షం, భాషా మోడళ్లలోని అటెన్షన్ లెక్కను వేగంగా చేసే 2022 నాటి ఫ్లాష్‌అటెన్షన్‌ను చూపుతుంది. దాన్ని మనుషులు చేత్తో రాశారన్నది నిజమే. అయితే అందులో అసలు మలుపు, స్కోర్లను సంభావ్యతలుగా మార్చే సాఫ్ట్‌మ్యాక్స్‌ను ముక్కలుగా లెక్కించే గణితంలో ఉంది. ఆ గణితాన్ని ట్రైటాన్ అనే జీపీయూ ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే ముక్క పరిమాణం ప్రోగ్రామర్ చెబుతాడు, చిప్‌లో చోటు కంపైలరే చూసుకుంటుంది.

ఇక మిగిలిన చిక్కు, పరిమాణాలు నడిచేటప్పుడే తెలిసే మోడళ్లది. మోడల్‌లోని ఏ నిపుణ విభాగానికి (ఎక్స్‌పర్ట్) ఎన్ని టోకెన్లు (పదాల ముక్కలు) వెళ్తాయో ముందే తెలియని చోట, సెల్ నాటి ఆ పాయింటర్ సమస్యే మళ్లీ ఎదురవుతోంది.