నీటిపిల్లి కూనలు దొరికితే ఏం చేయాలి? అపోహలు - వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో వరికోత మిషన్లు దిగాయంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. "డాక్టర్ గారూ, చేలో పులిపిల్లలు దొరికాయి, తీసుకొచ్చేస్తున్నాం" అని ఫోన్లు వస్తాయి. నేను గాయపడ్డ వన్యప్రాణులకు వైద్యం చేస్తాను. దయచేసి తీసుకురావద్దు అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: అది చిరుత పిల్ల, కాదంటే లింక్స్ (చెవులకు కుచ్చులుండే పెద్ద అడవిపిల్లి).

2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దివాన్‌చెరువు, కడియం నర్సరీల వైపు చిరుత తిరిగిన దగ్గర్నుంచి మచ్చలున్న ప్రతి జంతువునీ చిరుతే అంటున్నారు. కోరింగ మడ అడవుల దగ్గర, చెరువు గట్ల మీద కనిపించే బూడిదరంగు మచ్చల జంతువు చాలావరకు నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్), అంటే చేపలు పట్టి తినే అడవిపిల్లి. ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది, తోక పొట్టి. చిరుత తోక బాగా పొడుగు. ఇక ఒంటి మీద మచ్చల్లేకుండా, చెవి కొసన చిన్న కుచ్చుతో వరిచేలల్లో తిరిగేది జంగుపిల్లి. లింక్స్ మన దేశంలో లడఖ్ లాంటి మంచు కొండల్లో బతికే జంతువు, డెల్టాలో ఉండదు.

అపోహ: తల్లి వదిలేసి పోయింది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది, లేదా మిషన్ చప్పుడుకు బెదిరి పక్క బోదెలో నక్కి ఉంటుంది. జనం మూగి ఫొటోలు తీస్తుంటే ఎలా వస్తుంది? ఆ కాస్త చోటు కోయకుండా వదిలేయండి. కుదరకపోతే కూనల్ని లోతులేని బుట్టలో పెట్టి దగ్గరి గట్టు మీద నీడలో ఉంచండి. కుక్కల్ని రానీయకండి, ఫారెస్టు వాళ్లకు చెప్పండి, ఆ రాత్రికి అందరూ దూరంగా ఉండండి. చీకటి పడ్డాక తల్లి వచ్చి మెడ దగ్గర పట్టుకుని ఒక్కోదాన్నీ మోసుకెళ్తుంది. మనిషి వాసన తగిలితే దగ్గరకు రానివ్వదన్నది కూడా నిజం కాదు.

అపోహ: పాలు, చికెన్ పెట్టి పెంచి, పెద్దయ్యాక అడవిలో వదిలేయొచ్చు.

మా సంరక్షణ కేంద్రంలో ఒక ఆడ నీటిపిల్లి ఉంది. రొయ్యల చెరువు గట్టు మీద దొరికిన కూనను ఒక ఇంట్లో ప్రేమగానే పెంచారు. గేదెపాలు పడితే విరేచనాలు పట్టుకున్నాయి. తర్వాత ఎముకల్లేని చికెన్ ముక్కలే పెట్టారు. మెత్తటి మాంసంలో కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. ఆ లోటు తీర్చడానికి ఒళ్లు సొంత ఎముకల్లోని కాల్షియాన్నే తోడేస్తుంది. మా దగ్గరకు వచ్చేసరికి వెనక కాళ్లు వంకరపోయాయి. ఎక్స్‌రేలో ఎముక ఎక్కడుందో, కండ ఎక్కడుందో పోల్చుకోవడమే కష్టమైంది. మందులతో, ఎముకలతో సహా పెట్టిన చేపలతో నడక వచ్చింది గానీ కాళ్ల వంకర పోలేదు.

వేట మాత్రం మరవలేదు. తొట్టిలో బతికున్న చేపలు వేస్తే అంచున కూర్చుని పంజాతో నీటిని తట్టి, ఒక్కసారిగా తల ముంచి పట్టేస్తుంది. బయటికొచ్చాక పైవెంట్రుకలు తడిసి ముద్దయినా, లోపలి దట్టమైన నూగు వల్ల చర్మానికి తడి అంటదు. ఇంత నేర్పున్నా దాన్ని వదల్లేం. బకెట్ చప్పుడు వినగానే గేటు దగ్గరకు వచ్చేస్తుంది. మనిషిని చూసి పారిపోని నీటిపిల్లిని ఊరి కుక్కలో, కర్రలో బతకనివ్వవు. అందుకే దాని బతుకంతా ఇక ఆ జాలీ లోపలే. అది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

అపోహ: చేపల చెరువులు ఖాళీ చేసేస్తుంది.

చేపలు తింటుంది, నిజమే. ఎలుకల్ని, పీతల్ని కూడా తింటుంది. చెరువులో సరుకు పోయినప్పుడు ముందు నీళ్లు, ఆక్సిజన్, జబ్బు చూడండి. విషం పెట్టడం, కంచెకు కరెంటు ఇవ్వడం నేరం, ఆ కరెంటుకు మనుషులూ పోతారు. నీటిపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఇంట్లో పెంచడం కూడా నేరమే.

కూనను ఎత్తేటప్పుడు కరిచినా, గీరినా చిన్నదే కదా అని ఊరుకోవద్దు. సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి.