సైకిల్ తొక్కితే ఏం వస్తుంది?

విజయవాడ

చిట్టీ, నానీ,

ఫోన్‌లో నాని అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "మీరు సైకిల్ తొక్కితే ఆటిజం ఉన్న పిల్లలకేం వస్తుంది తాతయ్యా?" తొక్కినందుకు ఏమీ రాదురా. కిలోమీటరుకు ఇంతని చందా రాయించుకున్నాం, వచ్చేది అది. విశాఖ నుంచి బెజవాడకు దాదాపు 350 కిలోమీటర్లు. ఎదురుగాలి, లారీల హారన్లు, తొడలు పట్టేయడం, అవన్నీ మీకెందుకులే.

డబ్బు దేనికో చెప్తాను. మాట రావడానికి స్పీచ్ థెరపీ. చొక్కా గుండీ పెట్టుకోవడం, పళ్లు తోముకోవడం లాంటివి అలవడడానికి ఆక్యుపేషనల్ థెరపీ. ఒకసారి చేయించి ఊరుకునే ఆపరేషన్ కాదు, వారం వారం, ఏళ్ల తరబడి తిప్పాలి. అందుకోసం ఉద్యోగం మానేసిన అమ్మలున్నారు.

తుని దగ్గర టీకొట్టులో ఒకాయన "ఆటిజం టీకాల వల్లే వస్తుందటగా" అన్నాడు. కాదు. 1998లో ఇంగ్లండ్‌లో ఒక డాక్టరు అలాంటి అనుమానం రేపుతూ వ్యాసం రాశాడు. అందులో చెప్పినవి నిజం కావని తేలి 2010లో దాన్ని అచ్చేసిన పత్రికే వెనక్కి తీసుకుంది. పుకారు మాత్రం ఇంకా తునిలో టీ తాగుతోంది. తల్లి పెంపకం వల్లా రాదు. ఆ పిల్లల మెదడు ఎదిగే తీరే వేరు. మనం పట్టించుకోని చప్పుడు కూడా వాళ్లలో కొందరికి భరించలేనంతగా ఉంటుంది.

అది బ్యారేజీ దగ్గర చూశాను. మాకు స్వాగతమని డప్పులు పెట్టించారు. ఎవరి కోసం తొక్కామో ఆ పిల్లల్లో ఒకడు, నాని ఈడువాడే, చెవులు మూసుకుని రోడ్డు పక్కన కూలబడ్డాడు. వాళ్లమ్మ చెయ్యి ఊపగానే డప్పులవాళ్లు ఆపేశారు. దండలు పట్టుకున్న పెద్దమనుషుల కంటే వాళ్లకే ముందు అర్థమైంది.

కాసేపటికి వాడు స్టాండు వేసిన నా సైకిల్ దగ్గరికొచ్చి, పెడల్ పట్టుకుని వెనక చక్రం తిప్పడం మొదలెట్టాడు. స్పోకులు కనపడకుండా పోయేదాకా తిప్పుతాడు, ఆగేదాకా చూస్తాడు, మళ్లీ తిప్పుతాడు. "నీ పేరేంటి?" అన్నాను. "నీ పేరేంటి" అన్నాడు. వెక్కిరింత కాదురా. విన్న మాటనే తిరిగి అనడం వాళ్లలో కొందరు మాట్లాడే పద్ధతి. నా పేరు చెప్పాను. అదీ అన్నాడు.

చిట్టీ, మీ క్లాసులో అలాంటి పాప ఉందన్నావు. మిగతా పిల్లలతో కలిసి చదువుకునే హక్కు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ పాపకిచ్చింది, ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. ఆటకి పిలవండి. రాకపోతే పక్కన చోటుంచండి. మీ కళ్లలోకి చూడలేదని అలగొద్దు.

అన్నట్టు, మీ నాన్న కిలోమీటరుకు పది రూపాయలని రాయించి ఇంతవరకూ పంపలేదు. నాయనమ్మ పుస్తకంలో ఆ పేరు పక్కన ఖాళీగానే ఉంది. గుర్తుచేయండి.

ఆశీస్సులతో,
తాతయ్య